అద్దానికున్న జాగ్రత్త మన చేతికి లేదా?



పోయిన నెల ఒక ఆదివారం పరగోడులో మన సభ్యుల సమావేశం జరిగింది. సెలవు రోజు గనుక దొడ్డబళ్లాపురం, గౌరీబిదనూరు, హిందూపురం వైపు మిల్లులకూ గార్మెంట్లకూ వ్యాన్లలో పోయి వచ్చేవాళ్లు చాలామంది వచ్చారు. జీతాల సంగతి, పి.ఎఫ్. సంగతి మాట్లాడుకున్నాం. లేవబోయే ముందు ఒక చెల్లెలు సంచిలోంచి ఒక సీసా తీసి మధ్యలో పెట్టింది. అది మామూలు నీళ్ల సీసా. చీటీ చింపేసి ఉంది. లోపల నీళ్ల మాదిరే తేటగా ఏదో ఉంది.

"అన్నా, మా లేసరు మెషీను అద్దం తుడవడానికి ఇది ఇస్తున్నారు. ఇదేమో మాకు తెలీదు. తుడిచిన రోజంతా తల దిమ్ముగా ఉంటుంది. మొన్న పక్క టేబులు పిల్ల నీళ్లనుకుని నోట్లో పోసుకుని ఉమ్మేసింది. ఇది మంచిదా, కాదా చెప్పండి" అని అడిగింది.

స్టోరులో అడిగితే 'స్పిరిట్' అన్నారట. సూపర్‌వైజరు 'క్లీనింగ్ లిక్విడ్' అన్నాడట. తెచ్చిన డ్రైవరు 'బెంగళూరు నుంచి క్యానులో వచ్చింది, నాకేం తెలుసు' అన్నాడట. మూడు నోళ్లు, మూడు మాటలు. మేమూ చెప్పలేకపోయాం. మూత తీసి వాసన చూసి పేరు చెప్పడం ఎవరి వల్లా కాదు. అసలు అలా వాసన చూడడమే తప్పు. మూత బిగించి, "దీని పేరు రాసి ఇవ్వండి" అని కాగితం రాసి ఆ చెల్లెలి చేతనే తిరిగి పంపాం. ఇది రాసేనాటికి జవాబు రాలేదు. వచ్చిందల్లా ఒక్కటే. ఆ చెల్లెలిని మెషీను మీద నుంచి తీసి హెల్పరు పనిలో వేశారు.

అందుకే ఈ సంచికలో ఈ విషయం రాస్తున్నాం. ఇది చిన్న సీసా సంగతే కావచ్చు, చిన్న సంగతి మాత్రం కాదు.

మెషీను మనకు శత్రువు కాదు

మొదట ఒక మాట స్పష్టంగా చెప్పాలి. లేసరు మెషీను రావడం తప్పని మేము అనడం లేదు. జీన్సు గుడ్డకు పాత రంగు రప్పించడానికి ఒకప్పుడు ఇసుకను గాలి ఒత్తిడితో కొట్టేవారు. ఆ ఇసుక దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ వచ్చి టర్కీ దేశంలో ఎందరో యువ కార్మికులు చనిపోయారు. 2009లో ఆ దేశం జీన్సుకు ఇసుక కొట్టే పద్ధతినే నిషేధించింది. ఇప్పుడు ఆ పని లేసరు కిరణం చేస్తోంది. లేబుళ్లు కోయడం, చీర అంచుకు కట్‌వర్కు చేయడం, ఎంబ్రాయిడరీకి ముక్కలు కత్తిరించడం కూడా దానితోనే. ఇసుకతో పోలిస్తే ఇది మేలే. కానీ మెషీను కొత్తది వచ్చినా, దాని పక్కన నిలబడేది పాత మనిషే గదా!

ఈ మెషీన్లలో ఎక్కువగా ఉండేది కార్బన్ డయాక్సైడ్ లేసరు. దాని కిరణం కంటికి కనిపించదు. ఆ కిరణాన్ని సన్నటి చుక్కగా చేసి గుడ్డ మీద పెట్టేది ఒక చిన్న పసుపుపచ్చ అద్దం. దానిని లెన్స్ అంటారు. అది కిటికీ గాజు కాదు. జింక్ సెలెనైడ్ అనే పదార్థం. పైన పల్చటి పూత ఉంటుంది. గుడ్డ కాలిన పొగ, నూలు దూది, పాలిస్టర్ జిడ్డు దాని మీద పడితే కిరణం ఆ మసిని వేడెక్కిస్తుంది. అద్దం మబ్బు పడుతుంది, చివరకు పగులుతుంది. అందుకని పని ఎక్కువున్న చోట రోజుకొకసారి, ఒక్కోచోట షిఫ్టుకొకసారి తుడవాలి. తుడిచేది మనమే.

తొడుగు ఎవరి కోసం?

మెషీను అమ్మినవాళ్లు ఇచ్చే పుస్తకం తెరిచి చదివించుకోండి. అద్దాన్ని ఒట్టి చేత్తో తాకవద్దు, వేలికి తొడుగు వేసుకోండి అని ఉంటుంది. ఎందుకు? మన వేలి చెమట, జిడ్డు అద్దానికి అంటకూడదని! గట్టిగా రుద్దవద్దు, గీతలు పడతాయి. నోటితో ఊదవద్దు, తుంపర పడుతుంది. ఘాటు రసాయనం వాడవద్దు, పూత పోతుంది. ఎంత జాగ్రత్త! బిడ్డను చూసుకున్నట్టు చూసుకోమంటారు.

ఆ జాగ్రత్తలన్నీ సరైనవే. మేము కాదనం. కానీ అదే ద్రవం అద్దం తుడిచే మనిషి వేళ్లకూ, కళ్లకూ, ఊపిరికీ ఏం చేస్తుందో ఆ పనిచోటులో ఎవరైనా చెప్పారా? అద్దం పాడైతే జీతంలో కోస్తామని బెదిరిస్తారు. మనిషి పాడైతే వ్యానులో ఇంటికి పంపిస్తారు. అద్దానికున్న విలువ దాన్ని తుడిచే చేతికి లేకపోతే అదేం న్యాయం?

దేనితో తుడవాలి?

తెలిసినవాళ్లనూ, మెషీను మెకానిక్కులనూ అడిగి, పుస్తకాలు చూసి మేము తేల్చుకున్నది ఇది. మీ మెషీను పుస్తకంలో వేరుగా ఉంటే అదే పాటించండి.

మొదట ద్రవమే వద్దు. మెషీను ఆపి, కరెంటు తీసి, అద్దం చల్లారనివ్వాలి. రబ్బరు బుడ్డితో గాలి కొట్టి పొడి దుమ్ము పోగొట్టాలి. కంప్రెసరు గాలి వద్దు. అందులో నూనె తుంపర, నీటి తుంపర ఉంటాయి. సగం మురికి దీనితోనే పోతుంది.

జిడ్డు మిగిలితే 99 శాతం స్వచ్ఛమైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడాలి. దీన్నే ఐ.పి.ఏ. అంటారు. లెన్సు తుడిచే పల్చటి కాగితాన్నో, మంచి దూది పుల్లనో రెండు చుక్కలతో తడిపి, ఒకే వైపుకు ఒక్కసారి మెల్లగా లాగి ఆ పుల్ల పారేయాలి. మళ్లీ కావాలంటే కొత్త పుల్ల తీసుకోవాలి. మందుల షాపులో దొరికే 70 శాతం ఐ.పి.ఏ.లో మిగతాది నీళ్లు, అది మరక వదులుతుంది. చేతులకు రాసుకునే శానిటైజరులో గ్లిజరిన్, సువాసన ఉంటాయి, అవి అద్దం మీద పొరకడతాయి. గోళ్ల రంగు తీసే ద్రవమూ అంతే.

శుద్ధమైన ఎసిటోన్ కూడా కొన్ని మెషీన్లకు పనికొస్తుంది. కానీ అది ప్లాస్టిక్‌నూ, జిగురునూ కరిగిస్తుంది. ప్లాస్టిక్ పుల్లనే కరిగించి ఆ జిడ్డును అద్దానికి పూస్తుంది. పుస్తకంలో ఉంటేనే, అద్దాన్ని బయటికి తీసి మాత్రమే వాడాలి. అమోనియా ఉండే కిటికీ అద్దాల ద్రవం, పెట్రోలు, కిరోసిన్, పెయింటు థిన్నరు పనికిరావు. ఆసిడ్ కలిసినది అసలే వద్దు. ఆసిడ్ తగిలితే జింక్ సెలెనైడ్ నుంచి విషవాయువు పుడుతుంది. అద్దం పగిలితే ముక్కలను ఒట్టి చేత్తో ఏరవద్దు, ఊడ్చి దుమ్ము లేపవద్దు. తొడుగులు, మాస్కు వేసుకుని తడి కాగితంతో తీసి, మూత పెట్టి, విషపదార్థమని రాసి అప్పగించాలి.

ఐ.పి.ఏ. మేలన్నామంటే అది నీళ్లని కాదు. 12 డిగ్రీల వేడి దగ్గరే దాని ఆవిరి నిప్పందుకుంటుంది. ఎసిటోన్ అయితే సున్నాకు 20 డిగ్రీల దిగువనే అందుకుంటుంది. మన ఊళ్లలో మార్చి, ఏప్రిల్ ఎండ ఎంతో మీకు తెలుసు. ఆ ఆవిరి గాలికంటే బరువు గనుక టేబులు కిందకు దిగి నిలుస్తుంది. కాబట్టి సీసా చిన్నది ఉండాలి, మూత ఉండాలి, గాలి ఆడాలి. అద్దం పూర్తిగా ఆరాకనే మెషీను ఆన్ చేయాలి. మూసిన గదిలో ఎక్కువసేపు పీలిస్తే ఐ.పి.ఏ. కూడా తలనొప్పి, మత్తు తెస్తుంది.

చవక కోసం, తొందర కోసం

ఇంత తెలిసీ పేరు లేని ద్రవం ఎందుకు వస్తుంది? రెండు కారణాలు. ఒకటి, చవక. రెండు, తొందరగా ఆరుతుంది. ఈ రెండు మాటలూ ప్రపంచంలో కార్మికులను ఎక్కడికి తెచ్చాయో చూడండి.

చైనాలోని సుజౌ నగరంలో వింటెక్ అనే కంపెనీలో ఫోను తెరలు తుడిచేవారు. తుడవడానికి ఆల్కహాలు వాడేవారు. అది ఆరడానికి సమయం పడుతోందని దాని బదులు ఎన్-హెక్సేన్ తెచ్చారు. అది త్వరగా ఆరుతుంది, ఉత్పత్తి పెరుగుతుంది. 2009 నాటికి తుడిచే పిల్లలకు వేళ్లు తిమ్మిరెక్కాయి, కాళ్లు బలం తప్పాయి, నడవలేక ఆసుపత్రిలో చేరారు. ఎన్-హెక్సేన్ కాళ్లు చేతుల నరాలను దెబ్బతీస్తుంది. 137 మంది కార్మికుల ఆరోగ్యం దెబ్బతిన్నదని ఆ తెరలు కొనే ఆపిల్ కంపెనీయే 2011లో తన నివేదికలో ఒప్పుకుంది. చూడండి, వాళ్లు చేసిందీ మన చెల్లెలు చేసే పనే. అద్దం తుడవడం!

రెండోది దక్షిణ కొరియా. ఫోను విడిభాగాలు చేసే చిన్న కాంట్రాక్టు ఫ్యాక్టరీల్లో ఇథనాల్ వాడాల్సిన చోట చవక అని మిథనాల్ వాడారు. 2015, 2016 సంవత్సరాల్లో పలువురు యువ కార్మికులు చూపు పోగొట్టుకున్నారు. వాళ్లు తాగలేదు. పీల్చారు, చర్మానికి తగిలింది, అంతే. మిథనాల్ ఒంట్లోకి పోయి ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని చంపుతుంది. మన పక్క రాష్ట్రంలో 2024 జూన్‌లో కళ్లకురిచ్చిలో కల్తీ సారా తాగి 60 మందికి పైగా చచ్చిపోయింది కూడా ఈ మిథనాల్ వల్లనే. 'స్పిరిట్' అని ఒక్క మాటలో చెప్పే సీసాలో ఇథనాల్ ఉందో మిథనాల్ ఉందో కంటికి తెలియదు. అద్దం మసి తుడవబోయి కంటి వెలుగు పోగొట్టుకునే గతి మనకు రాకూడదు.

గార్మెంట్లలో మరకలు తీసే గన్నులో పోసేదాని సంగతీ ఇంతే. ట్రైక్లోరోఇథిలిన్ మనుషులకు క్యాన్సరు తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సరు పరిశోధనా విభాగం 2012లో తేల్చింది. 2024లో అమెరికా దాని నిషేధానికి నియమం జారీ చేసింది. ఎం.డి.సి. అని పిలిచే మిథిలీన్ డైక్లోరైడ్ ఒంట్లో కార్బన్ మోనాక్సైడ్‌గా మారి గుండెకు ప్రాణవాయువు అందనివ్వదు. మరక గన్ను కోసం తెచ్చిన క్యానులోంచి నాలుగు చుక్కలు అద్దానికి పోసుకోండి అనే మేస్త్రిలు ఉన్నారు. జాగ్రత్త!

ఇక్కడ మన తాలూకా సంగతి ఒకటి గుర్తుచేస్తాం. బాగేపల్లి బోరు నీళ్లు చూడడానికి ఎంత తేటగా ఉంటాయి! ఆ తేట నీళ్లలోని ఫ్లోరైడే పిల్లల పళ్లకు మచ్చలు తెచ్చింది, పెద్దల కీళ్లు బిగదీసింది. కంటికి తేటగా ఉన్నదల్లా మంచిది కాదని మనకు ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు.

అద్దం మీది మసి ఎక్కడిది?

ఇంకో మాట ఎవరూ అడగడం లేదు. అద్దం అంత తొందరగా ఎందుకు మసి పడుతోంది? పొగ లాగే ఫ్యాను సరిగా లేనందువల్ల. పొగ గొట్టం నూలు దూదితో మూసుకుపోయినందువల్ల. అద్దం మీద పేరుకున్న మసి మన ఊపిరితిత్తుల్లోకీ పోతోంది. అద్దాన్ని తుడవొచ్చు, ఊపిరితిత్తిని తుడవలేం. రెక్సిన్, పి.వి.సి. లాంటివి లేసరుతో కోస్తే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు పొగ వస్తుంది. అది మెషీనునూ తింటుంది, మనిషినీ తింటుంది. అవి లేసరు మీద పెట్టనే కూడదు. ఫ్యాను బాగుంటే అద్దం తుడిచే పని తగ్గుతుంది, ద్రవం ఖర్చు తగ్గుతుంది, మన దగ్గూ తగ్గుతుంది. యాజమాన్యానికీ లాభమే. అయినా ఫ్యాను బాగుచేయమంటే 'చూద్దాం' అంటారు.

పేరు ఎందుకు కావాలి?

మేము మిల్లులో పనిచేసిన రోజుల్లో కార్డింగు, బ్లో రూము కార్మికులకు సెలవు తర్వాత సోమవారం రాగానే రొమ్ము బిగబట్టేది. 'మిల్లు దగ్గు' అనేవారు. 'బీడీ తాగితే రాదా' అని మేనేజరు నవ్వేవాడు. దానికి బిస్సినోసిస్ అని పేరుంది, పత్తి దుమ్ము వల్ల వస్తుంది. వృత్తిరోగంగా 1923 నాటి పరిహార చట్టం షెడ్యూలులో చేరింది. నేటి సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉంది. ఆ పేరు డాక్టరు కాగితం మీద పడితేనే పరిహారం అడిగే దారి దొరికింది. పేరు లేని రోగానికి పరిహారం లేదు. అట్లాగే పేరు లేని సీసాకు జవాబుదారీ లేదు. రేపు ఆ చెల్లెలికి ఏదైనా అయితే ఈ.ఎస్.ఐ. డాక్టరు మొదట అడిగేది 'ఏ రసాయనంతో పనిచేశావమ్మా' అనే. 'నీళ్ల సీసాలోది' అని చెప్పాలా?

పేరు అడగడం మన గొంతెమ్మ కోరిక కాదు. 1984 డిసెంబరులో భోపాల్ జరిగింది. ఏ గ్యాసు వచ్చిందో, దానికి ఏ వైద్యం చేయాలో డాక్టర్లకు కూడా సరిగా చెప్పినవాడు లేకపోయాడు. ఆ శవాల మీద నుంచే 1987లో ఫ్యాక్టరీల చట్టంలో కొత్త అధ్యాయం వచ్చింది. ప్రమాదకర పనుల గురించి కార్మికులకు వివరాలు తెలపాలని అందులో రాశారు. 1989లో ప్రమాదకర రసాయనాల నియమాలు వచ్చాయి. డబ్బా మీద లోపల ఏముందో, ఎవరు తయారుచేశారో రాసిన చీటీ ఉండాలనీ, భద్రతా వివరాల పత్రం ఉండాలనీ 17వ నియమం చెప్తుంది. 2025 నవంబరు 21 నుంచి పాత ఫ్యాక్టరీల చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ అమలులోకి తెచ్చారు. ఆ కోడ్‌ల మీద మన విమర్శ మనకుంది. భద్రతా కమిటీ తప్పనిసరి కావాలంటే ఫ్యాక్టరీలో 500 మంది, ప్రమాదకర పనుల్లో 250 మంది ఉండాలని పెట్టి చిన్న యూనిట్ల కార్మికులను గాలికి వదిలారు. ఇన్‌స్పెక్టరు పేరుకు 'ఫెసిలిటేటర్' అని తోక తగిలించారు. అయినా 14వ సెక్షనులో ఆరోగ్యం, భద్రత గురించి యాజమాన్యాన్ని వివరాలు అడిగే హక్కు కార్మికుడికి ఉంది. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే యాజమాన్యానికీ, ఇన్‌స్పెక్టరుకూ తెలిపే హక్కూ ఉంది. ఉన్న హక్కును వాడుకోకపోతే అది కాగితం మీదే తుప్పు పడుతుంది.

అద్దం పాడైందని జీతంలో కోయడం గురించీ చెప్పాలి. మన తప్పు వల్లనే పాడైందని తేల్చకుండా, మన మాట వినకుండా కోయడానికి చట్టం ఒప్పుకోదు. నష్టానికి మించి అసలే కోయరాదు.

'జీతం పెంచమని అడగక సీసాల గొడవ ఏమిటి' అనే మిత్రులున్నారు. జీతం అడుగుదాం, తప్పకుండా అడుగుదాం. కానీ కన్ను పోయినవాడికి పెరిగిన జీతం ఏం చూపిస్తుంది? 'అడిగితే పనిలోంచి తీస్తారు' అనేవాళ్లూ ఉన్నారు. ఆ భయం నిజమే. చెల్లెలికి జరిగింది చూశాం. అందుకే ఒక్కరు అడగకూడదు. 2016 ఏప్రిల్‌లో పి.ఎఫ్. తీసుకునే నియమం మారిస్తే బెంగళూరు గార్మెంటు అక్కచెల్లెళ్లు వేలల్లో రోడ్డెక్కారు. రెండు రోజుల్లో కేంద్రం ఆ నియమం వెనక్కి తీసుకుంది. ఆ రోజు వాళ్ల వెనక పెద్ద పెద్ద నాయకులెవరూ లేరు. కలిసి నిలబడ్డారు, అంతే.

మన డిమాండ్లు

1. చీటీ లేని సీసా పనిచోట ఉండరాదు. నీళ్ల సీసాల్లో, టీ గ్లాసుల్లో రసాయనం పోయరాదు.

2. ప్రతి ద్రవానికీ భద్రతా వివరాల పత్రం తెలుగులోనూ కన్నడంలోనూ గోడకు అంటించాలి.

3. లేసరు అద్దానికి 99 శాతం ఐ.పి.ఏ. చిన్న సీసాల్లో ఇవ్వాలి. ద్రవం మార్చాలంటే ముందు కార్మికులకు చెప్పాలి.

4. రసాయనానికి తగిన చేతి తొడుగులు, కంటి అద్దాలు ఇవ్వాలి. పొగ ఫ్యాను వారానికొకసారి శుభ్రం చేయించాలి.

5. అద్దం తుడిచే సమయం పని సమయంలోనే లెక్కించాలి. దానికోసం ఉత్పత్తి లెక్క తగ్గించాలి.

6. పేరు అడిగినందుకు పని మార్చిన మన చెల్లెలిని తిరిగి మెషీను మీద నిలబెట్టాలి.

ఒక చిట్కా రాసిపెట్టుకోండి. వ్యాపారి పేర్లు ఎన్ని మారినా ప్రతి రసాయనానికీ సి.ఏ.ఎస్. అని ఒక నంబరు ఉంటుంది. అది మారదు. ఐ.పి.ఏ. నంబరు 67-63-0. ఎసిటోన్ 67-64-1. మిథనాల్ 67-56-1. మూడూ ఒకే తీరుగా ఉంటాయి, అంకెలన్నీ చూడండి. ఎన్-హెక్సేన్ 110-54-3. ట్రైక్లోరోఇథిలిన్ 79-01-6. ఎం.డి.సి. 75-09-2. చీటీ మీద అక్షరాలు చదవలేకపోయినా అంకెలు చదవగలం గదా. ఈ నంబర్లు సెల్లులో దాచుకోండి, పక్కవాళ్లకు ఇవ్వండి.

వచ్చే సోమవారం షిఫ్టు ఎక్కగానే ప్రతి ఒక్కరూ మీ చేతికిచ్చిన సీసా మీద పేరు చూడండి. పేరు లేకపోతే కింద పెట్టండి, పక్కవాళ్లను పిలవండి, నలుగురు కలిసి మర్యాదగా అడగండి. ఇవ్వకపోతే రాతపూర్వకంగా అడగండి, ఒక నకలు యూనియన్ ఆఫీసుకు పంపండి. ఫ్యాక్టరీల శాఖకు మేము పంపిస్తాం. పేరు రాసి ఇచ్చేదాకా వదలం.

అద్దం పగిలితే కొత్త అద్దం వస్తుంది. కన్ను పోతే రాదు.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!

— కార్యదర్శి